సమస్యాపూరణం: “కనులు మూసికొన్నంతనె కనులవిందు”

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. వరసగా నాలుగు శుక్రవారాలు నాలుగు కొత్త సినిమాలు చూశాను. నేను విమర్శకుణ్ణి కాను, రేటింగులిచ్చే అలవాటూ లేదు. తీరిక దొరికితే వెళ్లి కూర్చుంటాను, అంతే. నాలుగింట్లో ఒక్కదాన్ని చివరిదాకా కళ్లు తెరిచి చూశాను. మిగతా మూడింటి పుణ్యమే ఈ పాదం. దీన్నే చివరి పాదంగా పెట్టి, పైన మూడు పాదాలు మీరు రాసి, తేటగీతి పద్యంగా పూరించండి. కొత్త సినిమాల మీదే ఉండాలి. సినిమా పేరు, హీరో పేరు మాత్రం వద్దు. అభిమానులు దిగితే గణాలు లెక్కపెట్టేవాడు ఉండడు.

బాల్కనీ:
ఒక సందేహం. “కన్నులవిందు” కదా వాడుక?

నిర్వాహకుడు:
వాడుకే గానీ “కన్నుల” భగణం (ఒక గురువు, అంటే సాగదీసి పలికే అక్షరం; రెండు లఘువులు, అంటే పొట్టి అక్షరాలు), అక్కడ సూర్యగణం (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు) పడాలి. అందుకే కనులు.

చివరి వరుస:
చెవులు చిల్లులు పడునట్టి చిత్రహింస,
నరుకులాటలు సాగెను నాల్గు రీళ్లు;
నిద్రలోఁ గంటి నాదైన నిండు కథను,
కనులు మూసికొన్నంతనె కనులవిందు!

నిర్వాహకుడు:
భేష్. ‘చిత్రహింస’ ఒక్క మాటతో సమీక్ష అయిపోయింది. ఆ మాట ఇంతవరకు ఎవరికీ తట్టలేదంటే నమ్మను కానీ, యతిస్థానంలో (పాదం మొదటి అక్షరంతో జత కలవాల్సిన చోట) ఇంత హాయిగా కూర్చోవడం ఇదే చూడ్డం.

బాల్కనీ:
పద్యం బాగుంది, రీళ్లే పాతబడ్డాయి. ఇప్పుడు రీళ్లంటే ఫోన్లో వేలితో పైకి తోసేవి. అవి నాలుగైతే రెండు నిమిషాల్లో అయిపోతాయి, అంతమాత్రానికి నిద్ర పడుతుందా?

రీలుపెట్టె:
పాత లెక్కే కట్టండి. 35 ఎం.ఎం. ఫిల్ములో వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు ఆడుతుంది. నాలుగు రీళ్లంటే 44 నిమిషాల నరుకుడు. నేనూ ఆ సినిమానే చూశానని నా అనుమానం. లెక్క సరిపోయింది.

ఇంటర్వెల్ తర్వాత:
నాయకునిఁ జూచి నవ్వెను నాయికమ్మ,
మరునిమేషము వచ్చెను మంచుకొండ,
చలియె లేదట పాపము పలుచ చీర,
కనులు మూసికొన్నంతనె కనులవిందు!

కొత్తగా చేరినవాడు:
మూడో పాదంలో యతి తప్పినట్టుంది. ‘చ’కి ‘ప’ ఎలా కుదురుతుంది?

నిర్వాహకుడు:
అది ప్రాసయతి. చలి–పలు: రెండో అక్షరం రెండుచోట్లా లకారమే, ముందున్నవి రెండూ లఘువులే. తేటగీతి, ఆటవెలది, సీసాల్లో యతికి బదులు ఇలా వేసుకోవచ్చు. మూసుకున్న కళ్లు నాయికవి, విందు మన కళ్లకు. విరోధం చక్కగా విడిపోయింది. ‘నిమేషం’ అంటే రెప్పపాటే కాబట్టి సమస్యకు ముందే చిన్న ముడి కూడా పడింది. ఇది అనుకుని వేశారా?

ఇంటర్వెల్ తర్వాత:
అనుకునే వేశానని చెప్పాలనుంది.

చివరి వరుస:
నాకు మాత్రం గణం దగ్గర ఆగి చదివితే “మరుని మేషము వచ్చెను” అని వినిపించింది. మన్మథుడి పొట్టేలు మంచుకొండ ఎక్కింది! నిజానికి ఆ పాటలో అదొక్కటే తక్కువ. కథలో పిల్ల బస్సు కోసం నిలబడి ఉంటుంది, తల తిప్పేసరికి హిమాలయాలు. ఇన్నేళ్లయినా ఈ పద్ధతి మారలేదు, ఇంత ఖర్చుపెట్టి కూడా.

కొత్తగా చేరినవాడు:
నా మొదటి ప్రయత్నం. తప్పులుంటే మన్నించండి.

పాట బాగుంది, తెరపైని యాట వెగటు,
వంద మందితో గంతులు వ్యర్థవ్యయము;
ఇంటికడ వింటి నొకసారి యింపుగాను,
కనులు మూసికొన్నంతనె కనులవిందు!

నిర్వాహకుడు:
మొదటి పాదంలో పాట–యాట ప్రాసయతి వేశారు. ఇందాక అడిగిన ప్రశ్నకు మీరే జవాబు రాసుకున్నారన్నమాట. ‘బాగుంది’ వ్యావహారికం, ‘బాగుండె’ అంటే గ్రాంథికానికి సరి. రెండో పాదంలోనే గణదోషం. ‘వ్యర్థవ్యయము’ సంస్కృత సమాసం. దాని లోపల ‘వ్య’కు ముందున్న ‘ర్థ’ గురువైపోతుంది. అప్పుడు ‘వ్యర్థ’ రెండు గురువులు, సూర్యగణం కాదు. “వంద మందితో గంతులు వట్టి ఖర్చు” అనండి. గణమూ కుదురుతుంది, ప్రేక్షకుడి నోటి మాటలాగా కూడా ఉంటుంది.

బాల్కనీ:
‘వట్టి ఖర్చు’కే నా ఓటు. భావం నాకు బాగా నచ్చింది. ఇంట్లో నెల రోజులు విని మనసులో మనమొక సినిమా తీసుకుంటాం. తెరమీద చూస్తే అదంతా మాసిపోతుంది. ఆ పాట నాకిప్పుడు వినబుద్ధి కావడం లేదు.

రీలుపెట్టె:
ఇరువదియు నాల్గు బొమ్మలే యెదుట నిలుచు
క్షణమునకు; వాని నడుమను గాఢతమము;
యంత్ర మీరీతి ఱెప్పల నార్పుచుండ
కనులు మూసికొన్నంతనె కనులవిందు!

(ఇక్కడ క్షణమంటే సెకను. కనులు ప్రొజెక్టరువి. ఒక ఫ్రేము తప్పుకొని మరొకటి దిగేలోపు షట్టరు వెలుతురును కప్పేస్తుంది. అది కప్పకపోతే తెరమీద బొమ్మ కిందికీ పైకీ అలికినట్టు కనిపిస్తుంది. మిణుకు తెలియకుండా ఉండటానికి ఒక్కో ఫ్రేముకు రెండుమూడు సార్లు కూడా కప్పుతుంది.)

కొత్తగా చేరినవాడు:
‘నిలుచు’ పక్కనే ‘క్ష’ వచ్చింది. అక్కడ ‘చు’ గురువు కాదా?

నిర్వాహకుడు:
అవి వేర్వేరు మాటలు, పైగా మధ్యలో పాదం కూడా మారింది. మీ ‘వ్యర్థవ్యయము’ ఒకే మాట. తేడా అదే.
రీలుపెట్టె గారూ, ఈ వారం పూరణల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కళ్లు మూసింది మనిషి కాకపోవడమే ఇందులో చమత్కారం. ఒక్క అభ్యంతరం: నేనడిగింది కొత్త సినిమాల గురించి. ఇప్పటి డిజిటల్ ప్రొజెక్టర్లలో ఫిల్మూ లేదు, అలా కప్పే షట్టరూ లేదు.

రీలుపెట్టె:
ఒప్పుకుంటున్నాను. అందుకేనేమో ఇప్పటి సినిమాకు రెప్పపాటు విరామం కూడా ఉండటం లేదు. అన్నట్టు స్లోమోషను లెక్క కూడా చెబుతాను. సెకనుకు 120 ఫ్రేములు తీసి 24 చొప్పున చూపిస్తే ఒక సెకను నడక 5 సెకన్లవుతుంది. మొన్న చూసినదాంట్లో హీరో కారు దిగి గుమ్మం దాకా వచ్చేసరికి నేను వాచీ రెండుసార్లు చూసుకున్నాను. మామూలు వేగంలో నడిపిస్తే ఆ సినిమా అరగంట ముందే వదిలేసేవారు.

బాల్కనీ:
మొదటి భాగాన ముడివేసి మూటగట్టి
విప్పునంతకు రెండేండ్లు వేచియుండ,
కొసను నా మది నల్లితిఁ గోరినట్లు,
కనులు మూసికొన్నంతనె కనులవిందు!

నిర్వాహకుడు:
మూట కట్టింది దర్శకుడు, వేచి ఉన్నది మీరు. ‘కట్టి’ లాంటి క్త్వార్థకానికీ దాని తర్వాత వచ్చే ప్రధాన క్రియకూ కర్త ఒకరే కావాలి. “మూటగట్టె” అని వాక్యం ముగించండి, సరిపోతుంది. ఇంతకీ రెండో భాగం చూశారా?

బాల్కనీ:
చూశాను. నేను అల్లుకున్నదే బాగుంది. అక్కడ చచ్చినవాణ్ణి బతికించి మూడో భాగానికి మూట కట్టారు.

ఇంటర్వెల్ తర్వాత:
చివరి వరుస గారూ, అడగడం మరిచాను. ఆ నరుకుడు మధ్యలో మీరు కన్న “నిండు కథ” ఏమిటి? బాగుంటే ఎవరికైనా వినిపిద్దాం.

చివరి వరుస:
సగమే తెలుసండీ. ఇంటర్వెల్‌కి లైట్లేశారు.