పాలస్తీనా హిప్‌హాప్, ఎలక్ట్రానిక్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరసలో వినాలి?

మడివాళ_మిక్సర్

బెంగళూరులో పదిహేను మంది తెలుగువాళ్ళం నెలకోసారి కలిసి, ఒక ప్రాంతం సంగీతం తీసుకుని గంటన్నర వింటాం. వచ్చేసారి పాలస్తీనా అనుకున్నాం. ముఖ్యంగా వెస్ట్ బ్యాంక్‌లోని రమల్లా చుట్టుపక్కల వస్తున్న హిప్‌హాప్, దాన్నే ముక్కలు చేసి చేసే ఎలక్ట్రానిక్ సంగీతం. యూట్యూబ్‌లో వెతికితే వార్తల క్లిప్పులు, ఎవరు పెట్టారో తెలియని మిక్సులు వస్తున్నాయి.

తెలిసినవాళ్ళు చెప్పగలరా: ఏ పేర్లతో మొదలుపెట్టాలి? అరబీ రాకుండా ఎలా వెతకాలి? డబ్బు కళాకారులకే చేరేలా ఎక్కడ కొనాలి? అపార్ట్‌మెంట్ హాల్లో వినిపించాలంటే ఏమేం చూసుకోవాలి?

టేప్‌డెక్_ఇందిరానగర్

రాపర్ పేరు పట్టుకుని వెళ్తే మూడు పాటల దగ్గర ఆగిపోతారండీ. బీట్ కట్టినవాళ్ళ పేరు పట్టుకోండి. రమల్లా పెద్ద ఊరు కాదు. బీట్లు చేసేవాళ్ళు, పాడేవాళ్ళు, మిక్స్ చేసేవాళ్ళు ఒకరి రికార్డుల్లో ఒకరు కనిపిస్తూనే ఉంటారు. ఒక ప్రొడ్యూసర్ దొరికితే పది మంది దొరికినట్టే.

మొదటి దారి రాపర్ షబ్‌జ్దీద్. పేరుకి అర్థం ‘కొత్త కుర్రాడు’. జెరూసలేం, రమల్లాల మధ్య ఉన్న కఫ్ర్ అకబ్ వాడు. 2019 ఆల్బమ్ ‘సిందిబాద్ అల్ వర్ద్’ తీసుకోండి. బీట్లు ప్రొడ్యూసర్ అల్ నాథెర్‌వి, పట్టుకోవాల్సిన పేరు అదే. వీళ్ళ లేబుల్ పేరు అయిదు రోమన్ అక్షరాలు: బీ, ఎల్, టీ, ఎన్, ఎమ్. ‘బ్లాటినమ్’ అని చదవాలి. అరబీలో ‘ప’ లేదు, అందుకే ప్లాటినమ్ అలా అయింది. అక్కణ్ణించి 2021లో వచ్చిన ‘ఇన్ ఆన్’కి వెళ్ళండి. జెరూసలేం రాపర్ దబ్బూర్, షబ్‌జ్దీద్ కలిసి పాడారు, బీట్ మళ్ళీ అల్ నాథెర్‌దే. చాలామందికి ఈ సంగీతం తెలిసింది ఈ పాటతోనే. కానీ ఆల్బమ్ ముందు విని దీనికి వస్తే, వెనక ఆ సింథ్ ఎందుకంత ఖాళీగా ఉంచారో అర్థమవుతుంది.

రెండో దారి ముఖాతా అనే ప్రొడ్యూసర్. 2000ల్లో నడిచిన రమల్లా అండర్‌గ్రౌండ్ బృందంలో ఇతను బోయ్‌కట్ అనే పేరుతో ఉండేవాడు. ఆ బృందం చేసిన ‘తష్వీష్’ని అమెరికా బృందం క్రోనోస్ క్వార్టెట్ 2009లో తమ ‘ఫ్లడ్‌ప్లెయిన్’ ఆల్బమ్‌లో తంత్రీ వాద్యాలపై వాయించింది. తష్వీష్ అంటే రేడియోలో స్టేషన్ సరిగ్గా అందనప్పుడు వచ్చే గరగర. ఆ గరగరే తర్వాత ఇతని పనికంతటికీ మూలమైంది. పాత అరబీ రికార్డుల ముక్కలు, వీధి శబ్దాలు తీసుకుని, గొంతు పూర్తిగా వినపడే లోపే కోసేస్తాడు. ‘ఇంకానాకుంతు’ 2018లో, ‘కామిల్ మన్కూస్’ 2021లో వచ్చాయి. రెండో పేరుని ‘లోపమున్న పూర్ణం’ అనుకోవచ్చు. ఇందులో రాప్ ఉండదు, కానీ తాళం నడక హిప్‌హాప్‌దే. తల ఊపుతూ వినండి, అప్పుడు పట్టు దొరుకుతుంది.

ఇతను, బాసెల్ అబ్బాస్, రువాన్ అబూ రహ్మె కలిసి పెట్టిన వేదిక ‘బిల్‌నాఎస్’. ‘మైనస్‌లో’ అని అర్థం. అక్కడ జుల్ముద్ అనే కళాకారుడి 2022 ఆల్బమ్ ‘తుకూస్’ తప్పకుండా వినండి. తుకూస్ అంటే కర్మకాండలు. నా లెక్కలో రాప్‌కీ నాయిస్‌కీ (గరగరలతోనే కట్టే సంగీతానికీ) మధ్య గోడ పూర్తిగా పడిపోయిన రికార్డు ఇదే. ఒక్క ఆల్బమే కొనగలిగితే ఇది కొనండి. మకీమక్కూక్ అనే ఎంసీ, ప్రొడ్యూసర్ కూడా రమల్లా ఆవిడే. ఆమెని వదలొద్దు.

రమల్లా ఒక్కటే పాలస్తీనా కాదు. ఇజ్రాయెల్ లోపలున్న లిద్ పట్నంలో 1999లో పుట్టిన డామ్ బృందం అరబీ, హీబ్రూ, ఇంగ్లీషు మూడింట్లోనూ పాడుతుంది. వాళ్ళ ‘మీన్ ఇర్హాబీ’ 2001 నాటిది. ‘ఎవరు ఉగ్రవాది?’ అని అర్థం. 2006 ఆల్బమ్ ‘ఇహ్దా’. హైఫాలో క్లబ్ సంగీతాన్ని నిలబెట్టింది జజర్ క్రూ అనే గుంపు. అటువైపు నుంచే జెనోబియా అనే జంట 2020లో ‘హలక్ హలక్’ ఇచ్చింది. కీబోర్డు మీద పెళ్ళి డాన్సు ఊపు, కింద టెక్నో కిక్.

ఇప్పుడు వెతకడం. ‘ముఖాతా’ అని ఒక్కమాట కొడితే రమల్లాలోని పాలస్తీనా అధ్యక్ష భవనమే వస్తుంది, దాని పేరూ అదే. పక్కన ఆల్బమ్ పేరు కలపండి. అరబీ పేర్లని రోమన్ లిపిలో రాసేటప్పుడు వాళ్ళు అంకెలు వాడతారు: అయిన్ అక్షరానికి 3, గొంతు లోపలి ‘హ’కి 7, హమ్జాకి 2. ఒకే పాట అంకెతో ఒకచోట, అపాస్ట్రఫీతో ఇంకోచోట, రెండూ లేకుండా మరోచోట ఉంటుంది. అందుకని కళాకారుడి సొంత పేజీలో ఉన్న అరబీ అక్షరాలనే కాపీ చేసి వెతకండి. సగం గందరగోళం అక్కడే తీరుతుంది.

కొనడానికి బ్యాండ్‌క్యాంప్ ఉంది, కళాకారులు తమ సంగీతాన్ని నేరుగా అమ్ముకునే సైటు. అక్కడ ఆల్బమ్ బొమ్మ కింద కొన్నవాళ్ళ చిన్న ఫొటోలు ఉంటాయి. వాటిని నొక్కితే వాళ్ళ కలెక్షన్ తెరుచుకుంటుంది. ‘తుకూస్’ కొన్న నలుగురి కలెక్షన్లు చూస్తే, ఏ ఆల్గరిథమూ చూపించని పేర్లు ఒక సాయంత్రంలో దొరుకుతాయి.

అడయార్_గమకం

టేప్‌డెక్ గారు చెప్పిన వరసకి ముందు ఒకటి చేర్చాలి. 1987 డిసెంబరులో మొదటి ఇంతిఫాదా (పాలస్తీనీయుల తిరుగుబాటు) మొదలైన కొద్ది రోజుల్లోనే రియాద్ అవ్వాద్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు, తానే తయారుచేసుకున్న పరికరాలతో, అక్కచెల్లెళ్ళతో కలిసి ‘ఇంతిఫాదా’ క్యాసెట్ రికార్డు చేశాడు. 3,000 కాపీలు వేస్తే ఇజ్రాయెల్ సైన్యం చేతికి చిక్కినవన్నీ జప్తు చేసింది. మోమిన్ స్వైతాత్ నడుపుతున్న మజాజ్ ప్రాజెక్ట్ దాన్ని మళ్ళీ విడుదల చేసింది. ఇప్పటి రమల్లా సింథ్ విన్నాక ఇది వింటే రెండింటి చుట్టరికం తెలుస్తుంది.

మనకి కర్ణాటక సంగీతం అలవాటున్న చెవులు కాబట్టి ఒక సౌకర్యం. అరబీ మకాముల్లో (మన రాగాల్లాంటివి) హిజాజ్ అనేదాని మొదటి నాలుగు స్వరాలు మన మాయామాళవగౌళ పూర్వాంగమే: స, శుద్ధ రి, అంతర గ, శుద్ధ మ. కుర్ద్ అయితే తోడి పూర్వాంగం. చిక్కు బయాతీ దగ్గర వస్తుంది. అందులో రిషభం మన శుద్ధ రిషభానికీ చతుశ్శ్రుతి రిషభానికీ నడుమ, షడ్జం నుంచి సుమారు 150 సెంట్ల దగ్గర నిలుస్తుంది (కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు). మొదటిసారి వింటే అపశ్రుతి అనిపిస్తుంది. ట్యూనర్ యాప్ పెడితే ముల్లు రెండు స్వరాల మధ్య ఆగుతుంది. అదే దాని స్థానం.

మీ గుంపులో ఎవరైనా రీమిక్స్ చేస్తామంటే గుర్తుంచుకోండి: శాంపిల్‌ని మొత్తంగా పైకీ కిందికీ జరిపితే ఫరవాలేదు, అంతరాలు చెక్కుచెదరవు. శ్రుతి సరిచేసే ఆటోట్యూన్‌ని పన్నెండు స్వరాల స్కేల్‌లో పెడితే మాత్రం ఆ రిషభాన్ని లాగి పక్క మెట్టు మీద పడేస్తుంది, మకాం పోతుంది. సింథ్‌లో వాయించాలంటే మైక్రోట్యూనింగ్ పేజీలో చతుశ్శ్రుతి రిషభం ఒక్కదాన్ని 50 సెంట్లు దించాలి.

పాలస్తీనా, జోర్డాన్ మూలాలున్న ఫార్టీసెవెన్ సోల్ బృందం పాటల్లో ముక్కుతో పాడినట్టుండే సింథ్ మిజ్విజ్‌కి అనుకరణ. మిజ్విజ్ అంటే పక్కపక్కన కట్టిన రెండు రెల్లు గొట్టాలు. రెంటికీ శ్రుతిలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడా వల్లే శబ్దం జలదరిస్తుంది. బుగ్గల్లో గాలి నిలిపి, ఊపిరి తెగకుండా ఊదుతారు. పాములవాళ్ళ బుర్ర గుర్తు తెచ్చుకుంటే దగ్గరగా ఉంటుంది.

శివాజీనగర్_జిల్దు

భాష గురించి. యూట్యూబ్ అరబీ క్యాప్షన్లని నమ్మొద్దు. వార్తల అరబీకి సరిగ్గా పనిచేస్తాయి గానీ పాలస్తీనా మాండలికానికి తడబడతాయి. మూడు మాటలు తెలిస్తే కొంత దారి దొరుకుతుంది: ‘షు’ అంటే ఏమిటి, ‘బిద్ది’ అంటే నాకు కావాలి, క్రియ చివర ‘ష్’ వస్తే కాదు, లేదు అని. ‘కాఫ్’ అక్షరాన్ని పట్నాల్లో మింగేసి గొంతు నొక్కినట్టు పలుకుతారు, కొన్ని పల్లెల్లో ‘క’ అంటారు, బెదూయిన్లు ‘గ’ అంటారు. అందుకే రాసినదానికీ విన్నదానికీ పొంతన కుదరదు. మాండలికానికి లివింగ్ అరబిక్ అనే ఆన్‌లైన్ నిఘంటువులో లెవాంట్ (పాలస్తీనా, జోర్డాన్, సిరియా, లెబనాన్ ప్రాంతం) విభాగం చూడండి.

ఉర్దూ చదవగలిగినవాళ్ళు మీలో ఒక్కరున్నా చాలు, అక్షరాలు కూడబలుక్కోవచ్చు. తెలుగులోకీ వచ్చిన మాటలు చాలా వినపడతాయి: హక్కు, హద్దు, ఖైదు, జవాబు. హద్దుకి బహువచనం ‘హుదూద్’ అంటే సరిహద్దులు, ఈ పాటల్లో ఆ మాట ఎంత బరువు మోస్తుందో చెప్పక్కర్లేదు. కానీ ‘గరీబ్’ దగ్గర మోసపోవద్దు. మనకి పేదవాడు, వాళ్ళకి పరాయివాడు, వింతైనవాడు. ఆ ఒక్కమాట తప్పు పట్టుకుంటే చరణమంతా తారుమారవుతుంది.

మడివాళ_మిక్సర్

అందరికీ ధన్యవాదాలు. ‘తుకూస్’ కొనబోతే డెబిట్ కార్డు రెండుసార్లు తిరస్కరించింది. బ్యాంకులో డబ్బుంది. ఏం చేయాలి?

కార్డు_కస్టమ్స్

చాలావరకు కార్డు సెట్టింగే కారణం. రిజర్వు బ్యాంకు 2020 నిబంధన ప్రకారం కొత్త కార్డులు దేశంలో వాడకానికే తెరిచి ఇస్తారు. విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం మీరే ఆన్ చేయాలి. బ్యాంకు యాప్‌లో కార్డు కంట్రోల్స్‌లోకి వెళ్ళి ఇంటర్నేషనల్ ఆన్ చేసి, పరిమితి 2,000 రూపాయలు పెట్టండి. కొన్నాక మళ్ళీ ఆఫ్ చేయండి. వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ అయితే మేలు. అప్పటికీ కుదరకపోతే అదే కార్డుని పేపాల్‌కి కలిపి ప్రయత్నించండి.

పై ఖర్చు ఇలా లెక్కేసుకోండి. విదేశీ కొనుగోలు మీద బ్యాంకు వేసే మార్కప్ 3.5 శాతం అయితే వెయ్యి రూపాయల మీద 35, దాని మీద 18 శాతం జీఎస్టీ 6.30. మొత్తం 41.30.

బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల మీద మామూలుగా 15 శాతం ఉంచుకుంటుంది. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని ప్రకటించిన శుక్రవారాల్లో ఆ వాటా వదులుకుంటుంది. ఆ రోజు అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం నడుస్తుంది కాబట్టి మనకి వేసవిలో శుక్రవారం మధ్యాహ్నం 12:30కి మొదలై శనివారం అదే వేళకి ముగుస్తుంది, చలికాలంలో 1:30కి. పొద్దున్నే కొనేస్తే ఆ లాభం కళాకారుడికి అందదు.

ఎల్పీలు తెప్పించే ముందు ఆలోచించండి. ప్యాకింగ్‌తో కలిపి అరకిలో దాకా తూగుతుంది, తపాలా ఖర్చు రికార్డు ధరని దాటొచ్చు, ఆపైన కస్టమ్స్. ఆ డబ్బుతో మూడు డిజిటల్ ఆల్బమ్‌లు కొంటే వాళ్ళకి ఎక్కువ చేరుతుంది.

టేప్‌డెక్_ఇందిరానగర్

కొన్నాక పేజీలోంచి నేరుగా వినిపించకండి. బ్యాండ్‌క్యాంప్ పేజీ స్ట్రీమ్ 128 కేబీపీఎస్ ఎంపీత్రీ. ముఖాతా సంగీతంలో సన్నటి చిటపటలు అందులో నీళ్ళలా కరిగిపోతాయి. నాణ్యత పోకుండా కుదించిన ఫ్లాక్ ఫైల్ దించుకోండి, నలభై నిమిషాల ఆల్బమ్ సుమారు 250 ఎంబీ ఉంటుంది. యూట్యూబ్‌లో ఎవరో పెట్టిన కాపీలు వాడాల్సొస్తే పాట నిడివిని అసలు పేజీతో పోల్చండి. కాపీరైట్ యంత్రానికి దొరక్కుండా వేగం మార్చి పెడుతుంటారు. పది సెకన్ల తేడా ఉందంటే శ్రుతీ మారి ఉండొచ్చు.

ఇక హాల్లో. ఈ సంగీతంలో ఏది కళాకారుడు పెట్టిన గరగర, ఏది మీ వైరింగ్ గరగర అన్నది తేల్చుకోవడమే అసలు పని. లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. సన్నని ‘గుయ్’ ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే కరెంటు ఎర్తింగ్ దారిలో వచ్చే గోల. బ్యాటరీ మీద నడపండి, లేదా లాప్‌టాప్‌కీ స్పీకర్లకీ మధ్య ఆ గోలని ఆపే డీఐ బాక్స్ పెట్టండి. ‘టక్ టక్’ వినపడితే అదే చోటికి వెనక్కి వెళ్ళి మళ్ళీ వినండి. అదే సెకనులో మళ్ళీ వస్తే అది పాటలోదే. చోటు మారితే మీ ఆడియో బఫర్ చాలట్లేదు, 512 లేదా 1024 శాంపిల్స్‌కి పెంచండి. బ్లూటూత్ స్పీకర్ వద్దు.

పదిహేను మందికి ఎనిమిది అంగుళాల యాక్టివ్ స్పీకర్లు రెండు సరిపోతాయి. మూలల్లో పెట్టొద్దు, బాస్ ఉబ్బిపోయి అల్ నాథెర్ కిక్ అంతా బురద అవుతుంది. గోడకి రెండడుగుల దూరం, కింద ఫోమ్. ఒక్కో రికార్డు ఒక్కో స్థాయిలో ఉంటుంది, 1987 క్యాసెట్ మెల్లగా, 2021వి గట్టిగా. ముందే అన్నీ వరసగా పెట్టి వాల్యూమ్ రాసుకోండి. రాత్రి పదికి లౌడ్‌స్పీకర్లు ఆపాలన్నది చట్టం. బాస్ గోడలు దాటుతుంది కాబట్టి తొమ్మిదిన్నరకే ముగించండి.

వరస: అవ్వాద్ రెండు పాటలు, ‘మీన్ ఇర్హాబీ’, ‘తష్వీష్’ రెండు రూపాలూ పక్కపక్కన. తర్వాత షబ్‌జ్దీద్ అరగంట. అప్పటికి చెవి ఆ భాషకి అలవాటు పడుతుంది. అప్పుడు ‘ఇంకానాకుంతు’ ఇరవై నిమిషాలు, మధ్యలో ఎవరూ మాట్లాడకుండా. దాన్ని ముందే పెడితే సగంమంది ఫోన్లు తీస్తారు. దాని వెంటనే ‘తుకూస్’ నుంచి రెండు, చివర జెనోబియా.

అడయార్_గమకం

రేడియో అల్‌హారా మాట ఎవరూ ఎత్తలేదు. హారా అంటే పేట, వాడ. 2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ బెత్లెహేం, రమల్లాల నుంచి మొదలైన ఆన్‌లైన్ రేడియో. పైన చెప్పిన పేర్లతో పాటు ఇంకా రికార్డు కూడా వేయనివాళ్ళు అక్కడ వినపడతారు. కార్యక్రమాల పట్టికలో అక్కడి సమయం వేస్తారు. చలికాలంలో దానికి మూడున్నర గంటలు, వేసవిలో రెండున్నర గంటలు కలుపుకోండి. అక్కడ రాత్రి ఎనిమిదంటే మనకి పదకొండున్నర లేదా పదిన్నర. పాట నచ్చితే పక్కనే ఉన్న చాట్‌లో అడగండి, పేరు చెప్తారు.