దండి స్మారకంలో ఎర్నేని సుబ్రహ్మణ్యం గారి విగ్రహం ఏది?

1930 మార్చి 12న సబర్మతి నుంచి గాంధీజీ వెంట దండికి నడిచినవారిలో ఆంధ్రుడు ఎర్నేని సుబ్రహ్మణ్యం గారు. 2019 జనవరి 30న ప్రారంభించిన దండి ఉప్పు సత్యాగ్రహ స్మారకంలో యాత్రికులందరికీ విగ్రహాలు ఉన్నాయి. నాయకుడికి కాంస్యం, వెనక నడిచినవారికి పేజీ అడుగున చిన్న అక్షరాలు దక్కే మన దేశంలో ఇది అరుదైన మర్యాదే. అయితే వారిలో మన మనిషి ఎవరో తెలుసుకోలేకపోతున్నాను.

గత నెలలో మిత్రుడొకరు అక్కడికి వెళ్లి 46 ఫోటోలు పంపారు. అన్నీ నడిచే వరుసను దూరం నుంచి, పక్క నుంచి తీసినవి. ముఖాలు చిన్నవి, దిమ్మెలపై రాత ఉందో లేదో కూడా కనిపించదు. పెద్దవి చేసి చూస్తే అంతా మసక. సుబ్రహ్మణ్యం గారి పాత ఫోటో పక్కన పెట్టి పోల్చాను. అది వయసు మళ్లాక తీసినది, యాత్రనాటికి ఆయన యువకుడు. యాత్రికుల జాబితాలో పేరు దొరికింది గానీ, ఆ క్రమంలోనే విగ్రహాలను నిలబెట్టారని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. ఊరి గ్రంథాలయంలో పెట్టే చిత్రపటం కోసం ఇదంతా. తప్పు మనిషి ముఖం కింద ఆయన పేరు రాయలేను కదా.

దండి వెళ్లి దగ్గరగా చూసినవారు చెప్పగలరా: వరుసలో ముందు నుంచి ఎన్నో విగ్రహం ఆయనది?