బీపీడీకి మందులు తగ్గించమనడం సరైనదేనా?

గోదారిగట్టు: మా చెల్లికి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (బీపీడీ) అన్నారు. ఫోన్ ఎత్తడం కాస్త ఆలస్యమైతే చాలు, "నన్ను వదిలించుకుంటున్నావు" అని ఏడుపు, తిట్లు. గంట తర్వాత ఏమీ జరగనట్టే ఉంటుంది. ప్రస్తుతం నాలుగు రకాల మాత్రలు వాడుతోంది. ఇంకో డాక్టరు గారేమో మందులు తగ్గించి థెరపీకి వెళ్లమంటున్నారు. ఎవరి మాట వినాలి?

రాత్రిపాళీ: రెండో ఆయన మాట. బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2009లోనే బీపీడీకంటూ ప్రత్యేకంగా మందులు వాడొద్దంది. మూడ్ నిలకడ కోసం రాసే లామోట్రిజిన్‌ను అక్కడే 276 మందితో ఏడాదిపాటు పరీక్షించారు. మందులేని ఉత్తి మాత్రకన్నా మేలేమీ కనబడలేదని 2018లో తేల్చారు.

మిర్చిబజ్జీ: చెప్పడం తేలికేనండీ. నిద్రే పట్టని మనిషికి, డిప్రెషన్ కూడా ఉన్న మనిషికి ఏం చెబుతారు? మా ఊరి చుట్టుపక్కల ఈ జబ్బుకు చేసే డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) చేసేవాళ్లే లేరు. వారం వారం హైదరాబాద్ వెళ్లి రావాలంటే జీతమంతా దానికే పోతుంది.

రాత్రిపాళీ: డిప్రెషన్ ఉంటే దానికి మందు వాడాల్సిందే, ఎవరు కాదన్నారు? కోపానికొకటి, ఏడుపుకొకటి చేర్చుకుంటూ పోవద్దంటున్నాను. డీబీటీ అంటే ఊరికే కబుర్లు కావు. ఉద్రేకం ముంచుకొచ్చినప్పుడు ఆ కాసేపు ఎలా నెట్టుకురావాలో సాధన చేయిస్తారు. దాన్ని రూపొందించిన మార్షా లైనహాన్ కూడా చిన్న వయసులో మానసిక ఆసుపత్రిలో ఉన్నావిడే. 2011లో తనే బయటపెట్టారు.

పాతకాపు: డీబీటీ దొరక్కపోతే బతుకే లేదన్నట్టు భయపెట్టకండి. కెనడాలో 180 మందిని రెండుగా చేసి, సగం మందికి డీబీటీ, మిగతావాళ్లకు ఈ సమస్య బాగా తెలిసిన సైకియాట్రిస్టుల చేత వారం వారం చికిత్స ఇప్పించారు. 2009లో ఫలితాలొచ్చాయి. ఏడాదిలో రెండు గుంపులవాళ్లూ దాదాపు ఒకేలా మెరుగయ్యారు.

మిర్చిబజ్జీ: ఆ రెండో సగానికి మందులూ ఇచ్చారు కదా? అది మింగేశారేం?

పాతకాపు: ఇచ్చారు, నిజమే. కానీ లక్షణాన్ని చూసి, ఓ పద్ధతి ప్రకారం ఇచ్చారు. పైగా వారానికోసారి కూర్చుని మాట్లాడే డాక్టరున్నాడు. మన దగ్గర ఐదు నిమిషాల్లో చీటీ చేతిలో పెట్టి పంపేస్తారు. నా గొడవంతా దాని మీదే. గోదారిగట్టు గారూ, మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఏది దేనికోసమో ఒక్కొక్కటీ అడగండి. రాత్రిపూట మరీ ఇబ్బందైతే 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

గోదారిగట్టు: చీటీ తీసి చూశాను. రెండు మాత్రలు దేనికిచ్చారో నాకే తెలియదు. సోమవారం అడుగుతాను. చెల్లి కూడా వస్తానంది.