సొమ్మొకడిది, సోకొకడిది: డిస్కవరీ యాత్ర ఖర్చు మోసిందెవరు?

పాతపటం:
1901–04 నాటి డిస్కవరీ అంటార్కిటిక్ యాత్రకు లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ, శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ నిధులిచ్చాయని అందరూ రాసేస్తుంటారు. పద్దు చూడండి. ఖర్చు సుమారు 92,000 పౌండ్లు. ప్రభుత్వం 45,000 ఇచ్చింది. పెయింట్ల వ్యాపారి లాంగ్‌స్టాఫ్ ఒక్కడే 25,000 ఇచ్చాడు, పత్రికల యజమాని హార్మ్స్‌వర్త్ 5,000. జియోగ్రాఫికల్ సొసైటీ సొంతంగా పెట్టింది 8,000, పదో వంతు కూడా కాదు. పెత్తనం మాత్రం దాని అధ్యక్షుడు మార్కమ్‌ది.

మంచుదారి:
ఆ 45,000 ఎలా వచ్చాయో చెప్పలేదేం? చందాలు కూడా అంతే మొత్తం పోగైతేనే ఇస్తామని ప్రభుత్వం షరతు పెట్టింది. అంటే సొసైటీ వేసిన పౌండు ఖజానా నుంచి ఇంకో పౌండును లాక్కొచ్చింది. లాంగ్‌స్టాఫ్ కూడా పరాయివాడేం కాదు, ఆ సొసైటీ సభ్యుడే. 1899లో ఆయన సొమ్ము ఇచ్చాకే ప్రభుత్వం మెత్తబడింది. అంతకుముందు మార్కమ్ ఎంత మొత్తుకున్నా వినలేదు.

పాతపటం:
చందాలు పోగేయడంలో మార్కమ్ దిట్ట, ఒప్పుకుంటా. ఖర్చు అంచనాలోనే బోల్తా పడ్డాడు. ఓడకే దాదాపు 51,000 అయ్యాయి. డండీలో కొత్తగా చెక్క ఓడ కట్టించారు. అయస్కాంత పరిశీలన గదికి 30 అడుగుల లోపు ఇనుము, ఉక్కు ఉండకూడదన్నారు, ఎందుకంటే అవి అయస్కాంత సూదిని పక్కకు లాగి కొలతలు పాడుచేస్తాయి. తీరా ఓడ మంచులో చిక్కుకుంటే తెచ్చేందుకు మొదటి లెక్కలో సహాయ నౌకే లేదు! మళ్లీ చందాలెత్తి మార్నింగ్ అనే పాత ఓడను 3,880కి కొన్నారు. 1903 నాటికి సంచి ఖాళీ. ప్రభుత్వం మార్నింగ్‌ను తన చేతిలోకి తీసుకుని, తోడుగా టెర్రా నోవాను 20,000కి కొంది. మంచులో చిక్కిన డిస్కవరీ ఓడ బయటపడకపోతే వదిలేసి రమ్మని ఆజ్ఞ. 1904 ఫిబ్రవరిలో బయటపడింది లెండి. మరుసటి ఏడాది దాన్ని 10,000కే అమ్మేశారు.

కొలబద్ద:
డబ్బు లెక్కల్లో పడి గ్రెగరీని మరిచారు. ఆయన భూగర్భ శాస్త్రవేత్త, యాత్ర శాస్త్ర విభాగానికి అధిపతి. ఒడ్డున దిగే బృందం తన చేతిలో ఉండాలన్నాడు. రాయల్ సొసైటీ వాళ్లలో చాలామంది ఆయన పక్షమే. మార్కమ్ పట్టుబట్టి మొత్తం అధికారం నౌకాదళ అధికారి స్కాట్‌కే ఇప్పించాడు. గ్రెగరీ 1901లో రాజీనామా చేశాడు. నా దృష్టిలో సహాయ నౌక లేకపోవడం కంటే ఇదే పెద్ద నష్టం.

మంచుదారి:
గ్రెగరీ విషయంలో మీతో వాదించను. కానీ సొసైటీ పక్కకు తప్పుకుంటే ఏమవుతుందో 1910లో స్కాట్ టెర్రా నోవా ఓడలో చేసిన అంటార్కిటిక్ యాత్రలో చూడండి. జియోగ్రాఫికల్ సొసైటీ 500 ఇచ్చింది, రాయల్ సొసైటీ 250, ప్రభుత్వం 20,000. మిగతా దానికి స్కాట్ ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి చందాలడిగాడు. గుర్రాలకూ స్లెడ్జిలకూ (మంచుబండ్లకు) బడిపిల్లల దగ్గర కూడా వసూలు చేశారు. 1901 యాత్రకు ఆ తిరుగుడంతా మార్కమ్ చేశాడు, స్కాట్‌కు ఆ పని తప్పింది.