నార్మల్ సబ్‌గ్రూపులకీ క్యాన్సర్ ప్రొటీన్లకీ ఒకే కొలబద్దా?

కోసెట్:
కొన్ని విశ్వవిద్యాలయాల్లో ప్రమోషన్లకి సైన్స్ విభాగాలన్నిటికీ ఒకటే పట్టిక వాడుతున్నారు: ఎన్ని సైటేషన్లు (వ్యాసాన్ని ఇతర వ్యాసాలు ఎన్నిసార్లు ఉదహరించాయి), పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ పత్రిక వ్యాసాలకి సగటున వచ్చే సైటేషన్లు) ఎంత. పరిమిత సమూహాల్లో (ఏ రెండిటిని కలిపినా మళ్లీ అందులోదే వచ్చే, వెనక్కి తిప్పగల మూలకాల గుంపు సమూహం) నార్మల్ సబ్‌గ్రూపుల (పెద్ద సమూహాన్ని భాగించడానికి పనికొచ్చే లోపలి సమూహాలు) మీద పనిచేసేవారినీ, క్యాన్సర్ కణాల్లో ప్రొటీన్ల మీద పనిచేసేవారినీ అందులోనే పక్కపక్కన పెట్టి కొలుస్తారు. ఇది అన్యాయమని నా వాదన.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కలోకి వచ్చేది గత రెండేళ్ల వ్యాసాలే. గణితంలో ఒక వ్యాసం పరిశీలన ముగిసి అచ్చు కావడానికే అంత కాలం పట్టడం మామూలు. ‘యానల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్’లో ఒక్క వ్యాసం వస్తే చాలని గణితజ్ఞులు జీవితమంతా ఆశపడతారు. దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఐదు దరిదాపుల్లో ఉంటుంది. క్యాన్సర్ గణాంకాలు ప్రచురించే ఒక పత్రికకి అదే సంఖ్య వందల్లో ఉంటుంది.

1963లో గణితజ్ఞులు ఫైట్, థాంప్సన్ ఒక సిద్ధాంతాన్ని నిరూపించారు. మూలకాల సంఖ్య బేసి అయిన ప్రతి పరిమిత సమూహాన్నీ నార్మల్ సబ్‌గ్రూపుల మెట్ల మీదుగా విడదీసుకుంటూ వెళ్తే, ప్రతి మెట్టులోనూ మిగిలేది ఏబెలియన్ సమూహమే, అంటే మూలకాల్ని ఏ వరుసలో కలిపినా ఫలితం మారని సమూహం. నిరూపణ 255 పేజీలు. ఈ పట్టికలో అది ‘ఒక వ్యాసం’.

కణవిభజన:
కోసెట్ గారూ, తేడా ఉందన్నది నిజమే. నేను క్యాన్సర్ వైపు మనిషిని, మా సంఖ్యలు పెద్దవని నాకూ తెలుసు. కానీ సంఖ్య వద్దంటే దాని స్థానంలో ఏం పెడతారు? నిపుణుల అభిప్రాయమా? మీ రంగంలో ఒక సమస్య మీద పనిచేసేవాళ్లు ప్రపంచం మొత్తానికీ కొద్దిమందే, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. స్నేహాలూ పాత కోపాలూ ఆ తీర్పులోకి రావంటారా? సంఖ్య మొరటుదే కావచ్చు, కానీ అందరి కళ్లెదుటా ఉంటుంది. ఇది ప్రజల డబ్బు. మందు కోసం రోగులు ఎదురుచూస్తుంటే, మా పని మాకే అర్థమవుతుంది, మమ్మల్ని అడగొద్దు అనడం నాకు మింగుడుపడదు.

స్ఫటికం:
మీరిద్దరూ వీటిని రెండు వేరే లోకాల్లా మాట్లాడుతున్నారు. నా పని ప్రొటీన్ స్ఫటికాల ఎక్స్‌రే చిత్రాలతో. స్ఫటికాన్ని అదే రూపంలో ఉంచే కదలికలన్నీ కలిసి ఒక సమూహం. వాటిలో పక్కకి జరిపే కదలికలన్నీ కలిస్తే అందులో నార్మల్ సబ్‌గ్రూప్ అవుతుంది. దానితో భాగిస్తే, అంటే జరపడాన్ని లెక్కలోంచి తీసేస్తే, మిగిలేది తిప్పడాలూ అద్దపు ప్రతిబింబాలూ ఉన్న స్ఫటికపు పాయింట్ గ్రూప్. ఇలాంటి సమూహాలు మొత్తం 230 అని ఫెదొరోవ్, షోన్‌ఫ్లీస్ 1891 నాటికి తేల్చారు. ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలు ఒకే చేతివాటంవి (కుడిచేయి, ఎడమచేయి లాంటి రెండు రూపాల్లో ఒకటే) కాబట్టి, అద్దంలో తిప్పే సౌష్ఠవం వాటికి కుదరదు. అందుకే ప్రొటీన్ స్ఫటికాలకి 65 మాత్రమే వర్తిస్తాయి.

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌కి వాడే మందు ఇమాటినిబ్, ఆ క్యాన్సర్‌ని నడిపించే ఏబీఎల్ ప్రొటీన్ నిష్క్రియంగా ఉన్న రూపాన్ని పట్టుకుని అక్కడే కట్టేస్తుంది. ఆ సంగతి కళ్లకి కట్టింది ఎక్స్‌రే చిత్రమే.

కణవిభజన:
అందంగా చెప్పారు. కానీ అది 1891 నాటి గణితం. ఈ ఏడాది వచ్చే నార్మల్ సబ్‌గ్రూప్ వ్యాసానికి ఆ గొప్పని అరువివ్వలేం కదా.

కోసెట్:
అరువు అడగడం లేదండి. మందుకి పనికొస్తుందా లేదా అన్నదాన్ని బట్టి గణితాన్ని కొలవమని నేనెప్పుడూ అనలేదు. నాకు ఆసక్తి కలిగించేది ఆ కాలవ్యవధి. 1891 జాబితా తర్వాత మొదటి ప్రొటీన్ నిర్మాణం, మయోగ్లోబిన్‌ది, 1958లో వచ్చింది. రెండేళ్ల కిటికీలోంచి చూస్తే ఇది కనబడుతుందా?

మీ రంగంలోనే చూడండి. కోళ్లలో క్యాన్సర్ కలిగించే వైరస్‌ని రౌస్ 1911లో చూపించాడు, నోబెల్ వచ్చింది 1966లో. మనిషి కణితుల్లో, క్యాన్సర్‌ని పెంచే రాస్ జన్యువు ఉత్పరివర్తనం (జన్యువులో మార్పు) 1982లో దొరికింది, దాని ఒక రూపాన్ని నేరుగా అడ్డుకునే మొదటి మందుకి అనుమతి 2021లో. మధ్యలో ఎందరో ఇది మందుకి లొంగదని వదిలేశారు. ఈ కొలబద్ద మీకూ న్యాయం చేయడం లేదు. పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనుషుల్ని తూచవద్దన్న 2012 నాటి శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన మొదలైంది కణజీవశాస్త్రజ్ఞుల సమావేశంలోనే.

సంఖ్య అందరికీ కనబడుతుందన్నారు. 2023లో, ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు లెక్కగట్టే క్లారివేట్ సంస్థ ఆ ఏటి అత్యధిక సైటేషన్ల పరిశోధకుల జాబితాలో గణితాన్ని అసలు చేర్చలేదు. చిన్న రంగం కాబట్టి కొద్దిమంది కలిసి సంఖ్యలు పెంచుకోవడం అక్కడ తేలిక. మీరు భయపడిన చిన్న వలయం సంఖ్యలోనూ ఉంది.

పరీక్షనాళిక:
ఇంకొకటి. గణితంలో రచయితల పేర్లు అక్షరక్రమంలో రాస్తారు, మా దగ్గర మొదటి పేరు, చివరి పేరే అసలు. ‘మొదటి రచయిత’కి పాయింట్లు ఇచ్చే పట్టిక అక్షరమాల చివర్లో పుట్టిన ఇంటిపేరుకి శిక్ష వేస్తుంది. మా ల్యాబ్ వాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు.

కానీ కోసెట్ గారూ, ఒక్క ఉద్యోగానికి వందల దరఖాస్తులు వస్తే అన్నీ చదివేదెవరు?

కోసెట్:
ప్రతి అభ్యర్థీ తన పనిలో మూడింటినే ఎంచి ఇవ్వాలి. అతనితో ఎప్పుడూ కలిసి రాయని ఒకరు వాటిని చదివి, ఏం కొత్తగా ఉందో సంతకంతో రాసివ్వాలి. ఆ నివేదిక అభ్యర్థికీ చూపించాలి.

కణవిభజన:
సంతకం ఉంటే యువకులు పెద్దవాళ్ల పనిని విమర్శించరు, అది నా అభ్యంతరం. తొలి వడపోతకి రంగం లోపల పోల్చిన సంఖ్య, పదేళ్ల కిటికీతో ఉంచండి. చివరి పదిమందికి మీ చదివే పద్ధతి. దీనికైతే నేను ఓటేస్తాను.

కోసెట్:
రంగం అంటే ఎంత చిన్నది? గణితం మొత్తమంటే అవకలన సమీకరణాలవాళ్ల కింద సమూహాలవాళ్లు మళ్లీ నలిగిపోతారు. ముందు అది తేల్చండి, తర్వాత ఓటు గురించి మాట్లాడదాం.