క్రియాటినిన్ నార్మల్, మూత్రంలో అల్బుమిన్ 180: దేన్ని నమ్మాలి?

శ్రావణమేఘం:
నా వయసు 54. షుగర్ బయటపడి పదకొండేళ్లయింది. బీపీ కూడా ఉంది, ఒక మాత్ర వేసుకుంటున్నా 146/88 దగ్గరే నిలుస్తోంది. ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్ చేయించుకుంటూనే ఉన్నాను. ప్రతిసారీ 1.0కూ 1.1కూ మధ్య వచ్చేది, రిపోర్టులో ఆ అంకె ఎప్పుడూ బొద్దు అక్షరాల్లో అచ్చవలేదు కనుక కిడ్నీల గురించి ఆలోచించనే లేదు. క్రితం నెల డాక్టరును మార్చాను. ఆయన మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీనును క్రియాటినిన్‌తో పోల్చే నిష్పత్తి, అంటే ఏసీఆర్, చేయించమన్నారు. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉండవలసినది 180 వచ్చింది. ఇన్నేళ్లలో ఈ పరీక్ష పేరు నాతో ఎవరూ ఎత్తలేదు. కాళ్ల వాపు లేదు, మూత్రంలో నురగ లేదు. రక్తం బాగుందంటోంది, మూత్రం బాగాలేదంటోంది. ఇటువంటి స్థితిని ఎదుర్కొన్నవారు తమ అనుభవం చెప్పగలరా?

ల్యాబుగడప:
పంతొమ్మిదేళ్లుగా ల్యాబులో పనిచేస్తున్నాను. ఈ రెండు పరీక్షలకూ పరస్పర విరోధం లేదండీ, అవి కొలిచేవి వేరువేరు. కిడ్నీలు ఎంత వేగంగా వడపోస్తున్నాయన్నది క్రియాటినిన్ నుంచి అంచనా కడతారు. ఆ జల్లెడలోనుంచి జారకూడనిది జారుతోందా అన్నది అల్బుమిన్ చెబుతుంది. షుగర్ ఉన్న చాలామందిలో వడపోత తగ్గకముందే అల్బుమిన్ జారడం మొదలవుతుంది. అందరిలోనూ అదే వరుస ఉండదు, కొందరికి అల్బుమిన్ జారకుండానే వడపోత పడిపోతుంది. అందుకే రెండూ చేయించాలంటారు.

అయితే ఒక్క 180ని పట్టుకొని తీర్పు చెప్పకండి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, బాగా పెరిగిపోయిన షుగర్, ముందురోజు చేసిన కఠిన వ్యాయామం, వీటిలో ఏదైనా ఆ అంకెను తాత్కాలికంగా పెంచుతుంది. మా దగ్గరకు ఒకాయన పది కిలోమీటర్ల పరుగు ముగించుకొని, చెమట ఆరకముందే నమూనా ఇచ్చి వెళ్లారు, 210 వచ్చింది. పది రోజుల తరువాత నిద్రలేవగానే పట్టిన మూత్రంలో 14. మీరూ ఉదయం మొదటి మూత్రమే ఇవ్వండి. మూడు నుంచి ఆరు నెలల వ్యవధిలో మూడుసార్లు పరీక్షిస్తే కనీసం రెండుసార్లు ఎక్కువ వచ్చినప్పుడే దాన్ని ఖాయం చేస్తారు. ఇక మూత్రంలో ముంచి రంగు చూసే పట్టీ ‘నిల్’ చూపిందని ఊరట చెందవద్దు, ఈ స్థాయిలో జారే అల్బుమిన్‌ను అది తరచు పట్టుకోలేదు.

లెక్కలమాస్టారు:
‘క్రియాటినిన్ నార్మల్’ అన్న మాట మీద నాకు పాత కోపం ఉంది. క్రియాటినిన్ కండరాలనుంచి పుడుతుంది. కండ తక్కువగా ఉన్నవారిలో అది తక్కువగా తయారవుతుంది కనుక, కిడ్నీలు మందగించినా అంకె పెరిగినట్టు కనిపించదు. వయసు, స్త్రీ-పురుష భేదం చేర్చి కట్టే వడపోత వేగపు అంచనాను ఈజీఎఫ్ఆర్ అంటారు. 2021లో సవరించిన సమీకరణం ప్రకారం (జాతిని బట్టి లెక్క మార్చే పద్ధతిని అప్పుడే తీసేశారు) ఒకే 1.1 ఎలా మారుతుందో చూడండి: పాతికేళ్ల పురుషుడికి అది సుమారు 95, మీకు 80, డెబ్బై రెండేళ్ల స్త్రీకి 53. అరవై కంటే తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అంటారు. ముగ్గురికీ అదే 1.1, ల్యాబు కాగితం మీద ముగ్గురూ నార్మలే!

తల్లికితోడు:
ఆ డెబ్బై రెండేళ్ల స్త్రీ మా అమ్మేనండి. ఆమె క్రియాటినిన్ కూడా ఏళ్ల తరబడి 1.1, మనిషి చాలా సన్నం. మోకాళ్ల నొప్పికి ఎవరో చెప్పారని ఏడు వారాలపాటు రోజుకు రెండు నొప్పిమాత్రలు వేసుకుంది. అప్పటికే బీపీకి కిడ్నీలోని రక్తనాళాల మీద పనిచేసే మాత్ర, నీరు తీసే మాత్ర వాడుతోంది. ఈ మూడూ కలిస్తే ప్రమాదమని మాకు తెలియదు, ఆ నొప్పిమాత్రలు వాడుతున్న సంగతి డాక్టరుగారికీ తెలియదు. అన్నం సహించక, పక్కమీదనుంచి లేవలేని రోజున పరీక్ష చేయిస్తే 1.9. మాత్రలు ఆపిన కొన్ని వారాలకు 1.2కు దిగి అక్కడే నిలిచింది. అప్పటినుంచి ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ఇంట్లో ఉన్న మాత్రల పట్టీలన్నీ ఒక సంచిలో వేసి బల్లమీద కుమ్మరిస్తున్నాను. కొందరు విసుక్కుంటారు, అయినా ఫరవాలేదు.

ఎదురుగాలి:
నేను చేసిన తప్పు వేరు. ఈజీఎఫ్ఆర్ 58 ఉన్నప్పుడు గ్లిఫ్లోజిన్ రకం మాత్ర (షుగర్‌ను మూత్రంలోకి పంపేది) మొదలుపెట్టారు. నాలుగు వారాలకు 52 వచ్చేసరికి మందే కిడ్నీని తినేస్తోందని భయపడి, ఎవరికీ చెప్పకుండా అయిదు నెలలు మానేశాను. తరువాత డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి వివరించారు: షుగర్ ఉన్నప్పుడు వడపోసే ముడిలో ఒత్తిడి మితిమీరి ఉంటుంది, ఈ మందు లోపలికి వచ్చే రక్తనాళాన్ని కొంచెం బిగించి ఆ ఒత్తిడిని దించుతుంది, అందువల్ల మొదట అంకె కాస్త పడి, ఆ తరువాత పడిపోయే వేగం మందగిస్తుంది. తిరిగి మొదలుపెట్టి మూడేళ్లయింది, ఇప్పుడు 51. ఆ మొదటి దిగుడు గురించి ముందే ఒక్క మాట చెప్పి ఉంటే అయిదు నెలలు పోయేవి కావు.

ఈ మందుతో మర్మావయవాల దగ్గర ఫంగస్ రావచ్చు, నాకూ వచ్చింది. వాంతులు, విరేచనాలు పట్టుకొని తిండీ నీరూ లోపలికి వెళ్లని రోజుల్లో దాన్ని తాత్కాలికంగా ఆపమంటారు. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ వేసుకోవాలో ముందే అడిగి రాసి ఉంచుకోండి.

శ్రావణమేఘం:
ఆ మాత్రే నాకూ ఇస్తామంటున్నారు. పరిశోధనల్లో ‘39 శాతం మేలు’ అని చదివాను. నాలాంటివాడికి అది ఎంత?

లెక్కలమాస్టారు:
మీరు చదివినది డాపాగ్లిఫ్లోజిన్ అనే ఆ రకం మందు మీద 2020లో వెలువడిన డాపా-సీకేడీ అధ్యయనం. 4,304 మందిని సగటున రెండేళ్లకు పైగా గమనించారు. వారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి షుగరే లేదు. వడపోత సగం పడిపోవడం, కిడ్నీలు పూర్తిగా చెడిపోవడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో మరణం, వీటిలో ఏదో ఒకటి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 14.5 శాతానికీ, అసలు మందు వేసుకున్నవారిలో 9.2 శాతానికీ జరిగింది. అంటే సుమారు 19 మంది వాడితే ఒక్కరికి ఆ ఆపద తప్పింది. ఈ కోవ మందులలో ఇది మంచి ఫలితమే, కానీ రెండు గుంపుల ముప్పును పోల్చి చెప్పే 39 అన్న అంకె చెవిలో మోగినంత పెద్దది కాదు.

అసలు చూడవలసినది అందులో ఎవరిని చేర్చుకున్నారన్నది. ఈజీఎఫ్ఆర్ 25నుంచి 75, ఏసీఆర్ 200నుంచి 5,000 ఉన్నవారినే తీసుకున్నారు. మీ 80, 180 రెండూ ఆ గీతలకు బయటే. మందు మీకు పనికిరాదని కాదు నా మాట; ఆ 19 మందిలో ఒకరన్న లెక్కను యథాతథంగా మీకు అన్వయించుకోకూడదంటున్నాను. వారికంటే మీ ముప్పు తక్కువ కనుక, ఆ కొద్దికాలంలో మీకు దక్కే మేలు కూడా తక్కువే.

మీకు బాగా దగ్గరగా వచ్చేది ఇర్బెసార్టన్ అనే బీపీ మందు మీద 2001లో వచ్చిన అధ్యయనం. షుగర్, బీపీ, కొద్ది అల్బుమిన్ ఉన్న 590 మంది, రెండేళ్లు. అల్బుమిన్ పెద్ద మోతాదుకు చేరినవారు ఉత్తుత్తి మాత్రతో 14.9 శాతం, రోజుకు 150 మిల్లీగ్రాముల మందుతో 9.7, 300తో 5.2. మీ బీపీ మాత్ర ఈ సార్టన్ రకమో కాదో ముందు చూడండి.

శ్రావణమేఘం:
కాదండి. డాక్టరుగారు మొన్న దాన్ని ఈ రకానికే మార్చారు. గ్లిఫ్లోజిన్ సంగతి తరువాతి భేటీలో మాట్లాడదామన్నారు. ఏసీఆర్ మళ్లీ రెండుసార్లు, ఉదయం మొదటి మూత్రంతోనే ఇచ్చాను: 142, 165. ఖాయమైనట్టే. కొత్త మాత్ర మొదలైన రెండు వారాలకు క్రియాటినిన్ 1.2; ఈ మాత్రతో పెరగవచ్చని చూసే పొటాషియం 4.6, అది మామూలే. ఎదురుగాలి గారి పోస్టు చదవకపోయి ఉంటే ఆ 1.2 చూసి నేనూ మాత్ర మానేసేవాణ్ణి.

ఇంకొక పని చేశాను. పాత రిపోర్టులన్నీ వెదికి తీసి, మాస్టారు చెప్పిన సమీకరణంతో ఏడాదివారీగా వేసుకున్నాను. 43 ఏళ్ల వయసులో 1.0 అంటే 96. ఇప్పుడు, మాత్ర మారకముందు, 80. పదకొండేళ్లలో పదహారు. వయసు వల్ల ఏటా ఒకటి చొప్పున తగ్గడం మామూలే అన్నారు కనుక ఇది మరీ కంగారు పడేంత కాదట. కానీ పదకొండు కాగితాల్లో ఏ ఒక్కదాని మీదా ఆ వాలు కనిపించలేదు, వరుసగా పేర్చాకే కనిపించింది. తరువాతి ఏసీఆర్ మూడు నెలలకు.

ల్యాబుగడప:
వీలైతే అదే ల్యాబులో ఇవ్వండి. యంత్రం మారినా అంకె కొంచెం మారుతుంది, అనవసరంగా గీత వంకరపోతుంది.