ఒకే ఫిరంగిని రెండుసార్లు లెక్కపెట్టకుండా ఉండాలంటే ఏం చూడాలి?

యుక్రెయిన్ యుద్ధంలో విదేశాలు ఇచ్చిన, బండి వెనక తగిలించి లాక్కెళ్లే ఫిరంగుల ఫొటోలు, వీడియోలు ఏడాదిగా పోగుచేస్తున్నాను. ముఖ్యంగా ఎం777 అనే ఫిరంగివి (గొట్టం లోపలి వెడల్పు 155 మి.మీ.). 2022 ఏప్రిల్‌లోనే అమెరికా 90 ఇస్తామంది. ఆస్ట్రేలియా 6, కెనడా 4 ఇచ్చాయి.

రకం గుర్తుపట్టడం కష్టం కాదు. ఇటలీ నుంచి వెళ్లిన ఎఫ్‌హెచ్70 కూడా 155 మి.మీ.దే కానీ దానికి సొంత ఇంజిన్ ఉంటుంది. ఎం777ను గొట్టం మూతి దగ్గరే తగిలించి లాగుతారు.

నా చిక్కంతా లెక్క దగ్గర. దెబ్బతిన్న ఒక ఫిరంగి డ్రోన్ వీడియోలో కనిపిస్తుంది. వారం తర్వాత ఇంకో కోణంలో ఫొటో వస్తుంది. రెండూ ఒకటేనా? నెంబర్లు కనపడవు, పైన వల కప్పి ఉంటుంది. చెట్ల వరుస, కాలిన మచ్చలు పోల్చి చూస్తున్నాను, అది చాలడం లేదు. పైగా గొట్టం అరిగితే మారుస్తారు కదా, అప్పుడు దేన్ని నమ్మాలి?

మన సైన్యం కూడా 2016లో 145 ఎం777లు కొంది. ఆర్టిలరీలో చేసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఇంకో సందేహం: చోటు తెలిసే ఫొటోను ఎన్నాళ్లు ఆపి బయటపెట్టాలి? అక్కడున్న సిబ్బందికి నావల్ల హాని జరగకూడదు.